చెఱువునకు దగిన పడవ



రైతునకు నాగలి యెట్టిదో, చెఱువును నమ్మి జీవించువానికి పడవ యట్టిది. నాగలిని గూర్చి మన పెద్దలు పెక్కు సామెతలు చెప్పిరి. పడవ నెన్నుకొనుటను, దానికి వలయు పరికరములను సమకూర్చుకొనుటను, దానిని సొంతము చేసికొనుటను గూర్చి వ్రాసినవారు మాత్రము తక్కువ. మేడ్చలు, షామీర్‌పేట ప్రాంతముల చెఱువులలో వల విసరు గంగపుత్ర, ముదిరాజు కుటుంబముల వాడుకను, సంస్కృత గ్రంథములలో దొరకు ప్రమాణములను గలిపి యీ చిన్న వ్యాసమును సభ్యుల యెదుట నుంచుచున్నాను.

శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండమందు భరతుని సేన గంగను దాటిన ఘట్టము కలదు. నిషాదాధిపతియగు గుహుడు తనవారిచేత ఐదువందల నావలను రేవునకు దెప్పించెను. వానిలో స్వస్తికములను పేరుగల శ్రేష్ఠమైన నావలు పెద్దగంటలతో నొప్పుచుండెను. సేనలో కొందఱు నావల నెక్కిరి. కొందఱు తెప్పలపై దాటిరి. కొందఱు కుండల నాధారము చేసికొనిరి. కొందఱు చేతులతో నీదిరి. వాల్మీకి చెప్పిన యీ నాలుగు మార్గములును నేటికిని మన చెఱువులలో గానవచ్చును. కుండ యుండినచోట లారీచక్రపు గాలిట్యూబు వచ్చినది. తెప్పకు దుంగలకు మాఱుగా థర్మకోలు దిమ్మెలు వచ్చినవి. సాధనము మాఱినది గాని, దానిపై గూర్చున్నవాని ప్రాణభయము మాఱలేదు. గుహుని వంశమువారమని చెప్పుకొనువారు నావ విడిచి కుండ పట్టుకొనుట తగునా యని ఆలోచింపవలసియున్నది.

అమరకోశమున వారివర్గమందు ఉడుపము, ప్లవము, కోలము అనునవి తెప్పకు పేళ్లు. కైవర్త, దాశ, ధీవర శబ్దములును, వలకును గాలమునకును గల పేళ్లును ఆ వర్గమందే చేర్చబడినవి. కాళిదాసు రఘువంశారంభమున తన కావ్యప్రయత్నమును ఉడుపముతో సముద్రమును దాటబూనుటతో బోల్చెను. ఆ పదమునకు వ్యాఖ్య వ్రాయుచు మల్లినాథసూరి మొదట తెప్ప యని చెప్పి, పిమ్మట తోలు కప్పిన పాత్ర యను రెండవ యర్థమును గూడ జూపెను. ఈ మహావ్యాఖ్యాత మనకు దూరపువాడు గాడు. మెదకు జిల్లాలోని కొల్చారమే ఆయన యింటిపేరగు కోలాచలమని ప్రసిద్ధి. ఆయన చెప్పిన రెండవ యర్థము మన పుట్టికి సరిగా నతుకును. నేను పాఠశాలలో నీ శ్లోకమును బోధించునప్పుడు ‘పుట్టి’ యనినంతనే పిల్లలకు అర్థమగుచుండెను.

పుట్టి యనగా వెదురుబద్దలతో నల్లిన గుండ్రని పెద్ద గంప. పూర్వము దాని వెలుపల పశువుల తోలు బిగించి కుట్టెడివారు. ఇప్పుడు తోలునకు బదులు ప్లాస్టికు పట్టాయు, తారుపూతయు వచ్చినవి. ఫైబరు పుట్టులును దొరకుచున్నవి. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ తుంగభద్రపై నీ గంపపడవలను జూచెను. అవి 15, 20 మందిని మోయుననియు, అవసరమైనచో గుఱ్ఱములును ఎద్దులును గూడ వానిలో దాటగలవనియు, తెడ్డు వేయగా తిన్నగా బోక తిరుగుచుండుననియు వ్రాసెను. ఆ తిరుగుడు నేర్పులేనివానికే యడ్డు. నేర్పరి ముందువైపున తెడ్డు ముంచి నీటిని తనవైపునకు లాగుకొనును. పుట్టి చెప్పినట్లు వినును.

కొయ్యపడవను గూర్చి భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువు విశేషముగా జెప్పినది. 1912లో ప్రకటింపబడిన తమ భారతీయ నౌకాచరిత్రమున రాధాకుముద ముఖర్జీగారు దాని సారమును వివరించిరి. అందు కఱ్ఱకు నాలుగు వర్ణములు. తేలికయై మెత్తనై సులభముగా నతుకునది బ్రాహ్మణము. తేలికయై గట్టిది క్షత్రియము. మెత్తనై బరువైనది వైశ్యము. గట్టిదై బరువైనది శూద్రము. పడవకు తేలికయై గట్టియైన కఱ్ఱయే శ్రేష్ఠము. వేర్వేఱు గుణముల కఱ్ఱలను ఒకే పడవలో గూర్చినచో అది నీటిలో కుళ్లి త్వరలో విచ్చిపోవును. ఇచ్చట నొక సంగతి గమనింపదగును. ఆ శాస్త్రకారుడు చేతబట్టి, బరువు జూచి, గట్టితనము జూచి వర్ణమును నిర్ణయించెనే గాని, ఆ చెట్టు ఎవరి తోటలో మొలిచినదని యడుగలేదు. కులసభలలో నీ మాట జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ఆ గ్రంథమునందే సామాన్యనౌకలు పది చెప్పబడినవి. వానిలో అన్నిటికంటె చిన్నదగు క్షుద్ర 16 హస్తముల పొడవు, 4 వెడల్పు, 4 ఎత్తు గలది. భీమ, భయ, గర్భర యను మూడును అశుభములని చెప్పబడినవి. కొలతలు పొసగక నీటిపై నిలుకడ లేకుండుటయే అందులకు కారణమై యుండునని ముఖర్జీగారి యూహ. పేరు భయంకరమైనంత మాత్రమున పడవ గొప్పది గాదు. నిలుకడయే దానికి శుభలక్షణము.

ఇక మన చెఱువుల మాట. షామీర్‌పేట చెఱువు వంటివి వానకు నిండి వేసవికి కుంచించుకొనిపోవును. కట్టవైపున లోతు, ఎగువవైపున మెరక, అంచున తుంగ. మనవారు మిక్కిలి ప్రేమించు కొఱ్ఱమీను ఆ తుంగలోనే పొంచియుండును. 2016లో తెలంగాణము దీనిని రాష్ట్రపు చేపగా గ్రహించినది. ఇది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనును. పిల్లలను తల్లిదండ్రులు కాచుకొని తిరుగును. దీని వెంట బోవు పడవ మోకాలిలోతున తేలవలెను, చప్పుడు చేయరాదు, ఒక్కడు మోసికొని మఱియొక చెఱువునకు బోగలిగి యుండవలెను. ఈ మూడు గుణములును చిన్నపుట్టికి గలవు.

అమెరికాలో బాసు అను వేటచేపయు నిట్లే నాచులోను, మునిగిన మొద్దుల చాటునను పొంచియుండును. దానికొఱకే 1948లో లూసియానా రాష్ట్రమున ష్రీవ్‌పోర్టులో హోమ్స్ థర్మండు ‘స్కీటరు’ అను పడవను గట్టెను. బాసువేటకై ప్రత్యేకముగా గట్టిన మొదటి పడవగా దానికి పేరు వచ్చినది. ఖండములు వేఱైనను సూత్ర మొకటియే: చేప యుండుచోటు పడవ రూపమును నిర్ణయించును.

పుట్టిని గొనువాడు దానిని మొదట ఖాళీగా నీటిపై విడిచి, అంచు నలువైపుల సమముగా నున్నదేమో చూడవలెను. పిదప ఇద్దఱు గూర్చుండి ఒకవైపునకు ఒరగి, అది తిరిగి నిలుచునేమో పరీక్షింపవలెను. ఒక రాత్రి నీటిలో నుంచి ప్రొద్దుననే అడుగున తడి జూడవలెను. బద్దలలో చీలికలున్న పుట్టిని ఎంత చౌకయైనను గొనరాదు. పరికరములు కొద్దియే: తెడ్డు, మెరకలో నూతకు వెదురుగడ, లంగరునకు తాడుగట్టిన రాయి, నీరు తోడుటకు డబ్బా, చిక్కుకొన్న వలను కోయుటకు చిన్న కత్తి. వీనికి లైఫుజాకెట్టును తప్పక చేర్చవలెను. ఈత వచ్చునను ధైర్యమునే నమ్మి వల కాలికి జుట్టుకొని మునిగినవారు మన యూళ్లలో నున్నారు. పని ముగియగానే పుట్టిని కట్టపై నీడను బోర్లించి, ఏటేట వానలకు ముందు తారుపూత వేసినచో అది చిరకాలము మన్నును.

చివరకు సొంతపు మాట. సముద్రతీరమున మనుష్యులకు వలె పడవకును వలకును పట్టుబడిలో వంతు లిచ్చుట వాడుక. పడవ యెవనిదో వంతు వానిది. వర్తకుని యప్పుతో గొన్న పడవ వర్తకుని మాటయే వినును. చేప ధరయు నతని నోటనే పలుకును. అందుచేతనే సహకారసంఘములు వెలసినవి. 1964 నాటి సహకారచట్టము క్రింద గూడిన మత్స్యకారసంఘములు చెఱువులపై హక్కు ననుభవించుచున్నవి. 2016లో ప్రభుత్వము ఉచితముగా చేపపిల్లలను చెఱువులలో విడుచుట కారంభించినది. ఆ యేడే అక్టోబరు 11న మేడ్చలు పేర నూతనజిల్లా యేర్పడినది. పట్టణము మన కట్టలయంచునకు వచ్చి, చేపకు గిరాకి పెరిగినది. కాని చెఱువులో చేప పెరిగిన మాత్రమున చాలదు. దానిని ఒడ్డునకు దెచ్చు సాధనము పరులచేతిలో నున్నంతకాలము మనవాడు తన చెఱువులోనే కూలివాడు.

కావున పోషకమహాశయులకు నా విన్నపము. సభలలో శాలువలకును పూలదండలకును వెచ్చించుదానిలో కొంత మిగిల్చి, చెఱువుగల ప్రతియూరి సంఘమునకు ఒక మంచి పుట్టిని, రెండు లైఫుజాకెట్టులను ఇప్పింపుడు. యువకులకు నా హితవు: చదువుకొనుడు, ఉద్యోగములు చేయుడు, తెడ్డు పట్టుట మాత్రము తండ్రులయొద్ద నేర్చుకొని యుండుడు. వచ్చు సభనాటికి ట్యూబును విడిచి పుట్టి నెక్కినవారి లెక్కను సంఘము వ్రాసి చదివినచో, అంతకు మించిన నివేదిక మఱియొకటి యుండదు.