జబ్బు పేరుకీ ఒక తారీఖు ఉంటుంది

మా మెట్ట ప్రాంతంలో, అంటే జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్ళలో, ఆడమనిషి మనసు చెదిరితే చెప్పుకోవడానికి డాక్టర్లు రాకముందే చాలా మాటలున్నాయి. గాలి సోకింది, మతి తప్పింది, మనాది పెట్టుకుంది, పురుడు పోసుకున్నాక మనిషి మారిపోయింది. ఒక్కో మాట ఒక్కో కారణాన్ని, ఒక్కో వైద్యాన్ని చూపించేది. గాలి అయితే తాయెత్తు, మనాది అయితే కొన్నాళ్ళు పుట్టిల్లు. ఈ మాటల్ని పొగడనక్కర్లేదు. వాటి పేరు చెప్పి వేపమండలతో దెబ్బలు తిన్న ఆడవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. కానీ అవి నోటి మాటలు. మనిషి తేరుకుంటే చాలాసార్లు మాట కూడా మరుగున పడేది. డాక్టరు రాసిన పేరు అలా మరుగున పడదు, కాగితం మీద ఉండిపోతుంది. వైద్యశాస్త్రం తన పేర్లను తానే ఎన్నోసార్లు మార్చుకుంది, విడగొట్టుకుంది, కొట్టేసుకుంది. ఆ మార్పు మాత్రం స్త్రీ మీద రాసిన పాత కాగితం దాకా రాదు. మానసిక రోగ నిర్ధారణల చరిత్రని స్త్రీల వైపు నుంచి చదవాల్సింది ఇందుకే.

ఈ కాగితాల కథ మనకు వలస పాలనతో మొదలైంది. పిచ్చాసుపత్రుల చట్టం 1858లో వచ్చింది. అప్పుడు మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రెసిడెన్సీకి మద్రాసు, కాలికట్, వాల్తేరుల్లో ఈ ఆసుపత్రులుండేవి. వాటి వార్షిక నివేదికల్లో మనుషుల్ని మేనియా, మెలాంకోలియా, డిమెన్షియా అని గడుల్లో పంచి, కారణాలు మరో పట్టికలో చూపించేవాళ్ళు. ఆ కారణాలు ఎంత గట్టివో 1893-94లో పనిచేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ బయటపెట్టింది. 1892లో బ్రిటిష్ ఇండియా పిచ్చాసుపత్రుల్లో చేరిన 1,344 మందిలో 222 మందికి గంజాయి వంటి మత్తుల వల్ల పిచ్చి పట్టిందని రిజిస్టర్లు చెప్పాయి. కమిషన్ ఒక్కో కేసునీ తిరగదోడితే 98 మాత్రం మిగిలాయి. పోలీసులు పంపిన కాగితంలో ఉన్న మాటనే చాలా చోట్ల డాక్టర్లు దించుకున్నారు. ఆ ఆసుపత్రుల్లో స్త్రీల సంఖ్య పురుషుల కంటే బాగా తక్కువ. అయినా ఈ ఉదంతం మనకు పనికొస్తుంది. రోగి గురించి డాక్టరు ముందు మొదట మాట్లాడేది రోగి కాదు, తీసుకొచ్చినవాళ్ళు. ఆనాడు పోలీసు చేసిన పని ఆ తర్వాత భర్త, అత్త, అన్నదమ్ములు చేస్తూ వచ్చారు.

పేర్లు కూడా స్థిరంగా లేవు. 1899లో జర్మన్ వైద్యుడు క్రెపెలిన్ పెద్ద పిచ్చిని రెండుగా చీల్చాడు. ఒకటి మనిషిని క్రమంగా దిగజార్చేది, రెండోది వచ్చి పోతూ ఉండే ఉన్మాద విషాదం. మొదటిదానికి 1908లో బ్లాయిలర్ స్కిజోఫ్రేనియా అని పేరు మార్చాడు. వందల ఏళ్ళు ఆడవాళ్ళ మీదే ఎక్కువగా వాడిన హిస్టీరియా, 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మూడో వర్గీకరణ గ్రంథం వచ్చేసరికి నాలుగైదు వేరే జబ్బుల కింద చెదిరిపోయింది. స్వలింగ ప్రేమని అదే సంఘం 1973లో జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పని 1990లో చేసింది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో పేరుపడ్డ న్యూరస్తీనియా మనకు ‘నరాల బలహీనత’గా వచ్చింది. వర్గీకరణ గ్రంథాలు దాన్ని వదిలేసినా మన బజార్లలో అది చావలేదు. మన ఊళ్ళలో మానసిక వైద్యుణ్ణి ‘నరాల డాక్టరు’ అనే అంటాం. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళామన్న మాట పడకుండా ఆ పేరు ఎంతమంది ఆడవాళ్ళని కాపాడిందో మనకు తెలుసు.

మా పెద్దమ్మది నందిగామ దగ్గర పల్లె. ఆమె కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో ఉండేవి. 1974లో, రెండో కాన్పు తర్వాత నిద్రలేకుండా తిరిగినప్పుడు, ఒక డాక్టరు హిస్టీరియా అని రాశాడు. 1983లో మరో ఊళ్ళో స్కిజోఫ్రేనియా అన్నారు. ఆ మందులకు చేతులు వణికేవి, నాలుక మొద్దుబారేది, నాలుగు మాటలు మాట్లాడితే అలిసిపోయేది. 1992లో ఇంకో డాక్టరు మూడు గంటలు కూర్చోబెట్టి, పాత సంగతులన్నీ అడిగి, ఎం.డి.పి. అని రాసి లిథియం మొదలుపెట్టాడు. వణుకు తగ్గింది, మనిషి మనిషైంది. 2004 నాటికి అదే జబ్బుని చీటీ మీద బైపోలార్ అని రాయడం మొదలైంది. ‘‘పేరు ఏదైతేనేమే? మారినప్పుడల్లా మీ పెదనాన్న వాళ్ళు నన్ను కొత్తదాన్ని చూసినట్టు చూసేవాళ్ళు’’ అనేది నాతో. పెదనాన్న పోయాక 1996లో సాగర్ కాలువ కింద పొలం పంపకం వచ్చింది. అప్పుడు మరుదులు పెద్దమనుషుల ముందు తీసింది 1983 నాటి కాగితాన్ని. అప్పటికి ఆ నిర్ధారణ మారి నాలుగేళ్ళయింది. ఏ జబ్బూ వారసత్వ హక్కుని తీసెయ్యదని 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చెప్తుందని అక్కడ ఎవరూ అనలేదు. పొలం కొడుకు పేర రాశారు, ఆమెకు ఏడాదికి ఇన్ని బస్తాలని తేల్చారు.

డాక్టర్లంతా తప్పే రాశారని దీనికి అర్థం కాదు. మానసిక జబ్బుల్లో చాలావాటిని పట్టిచ్చే రక్తపరీక్ష ఈనాటికీ లేదు. క్రెపెలిన్ గీసిన గీతే జబ్బు నడకని బట్టి గీసింది. ఆ నడక ఏళ్ళ తరబడి చూస్తే గాని తెలియదు. కాబట్టి మొదటిసారి రాసే పేరు తాత్కాలికం అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పైగా పుస్తకాల మధ్యే తేడాలున్నాయి. స్కిజోఫ్రేనియా అనాలంటే అమెరికా గ్రంథం ఆరునెలల లక్షణాలు అడుగుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నెల చాలంటుంది. రెండు నెలలుగా బాధపడుతున్న స్త్రీకి జబ్బు పేరు డాక్టరు బల్ల మీద ఏ పుస్తకం ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. న్యూయార్క్, లండన్ డాక్టర్లని పోల్చి 1972లో వెలువడిన అధ్యయనంలో, ఒకే రకం రోగుల్ని అక్కడివాళ్ళు స్కిజోఫ్రేనియా అంటే ఇక్కడివాళ్ళు ఉన్మాద విషాదమన్నారని తేలింది. సముద్రం దాటితే జబ్బు మారిందన్నమాట.

శాస్త్రానికి ఈ అనిశ్చితి తెలుసు. ఆలస్యంగానైనా సర్దుకుంటుంది. పెళ్ళి, ఆస్తి, పిల్లల సంబంధాలు నడిపే వ్యవస్థకి మాత్రం అనిశ్చితి అక్కర్లేదు. దానికి ఒక ముద్ర కావాలి. 1955 హిందూ వివాహ చట్టంలో విడాకులకు మూడేళ్ళ పాటు కొనసాగే, నయంకాని మతిస్థిమిత లోపం ఉండాలి. 1976 సవరణ ఆ గడువు తీసేసి, మానసిక రుగ్మత అన్న మాటకి వివరణలో స్కిజోఫ్రేనియాని పేరుపెట్టి చేర్చింది. జపాన్‌లో రోగుల కుటుంబాలు ఆ పేరు మోయలేమంటే 2002లో మానసిక వైద్యుల సంఘం పేరే మార్చింది. మన వివాహ చట్టంలో అది అలాగే ఉంది.

కోర్టులు కొంత అడ్డుకట్ట వేశాయి. జబ్బు పేరు ఒక్కటే చాలదు, తీవ్రత చూడాలని 1988లో రామ్ నారాయణ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో 2013లో జస్టిస్ సింఘ్వి, జస్టిస్ గోపాలగౌడ ఇదే నిలబెట్టారు. అందులో భార్యాభర్తలిద్దరూ డాక్టర్లే. స్కిజోఫ్రేనియా పేరుతో భర్తకు కింది కోర్టు ఇచ్చిన విడాకుల్ని హైకోర్టు కొట్టేసింది. రక్తపోటు, చక్కెర జబ్బుల్లాగే ఇదీ మందులతో అదుపులో ఉండేదేనంది. ఆమె చదువు కొనసాగించి ప్రభుత్వ వైద్యురాలిగా పనిచేస్తున్నదన్నది బలమైన సాక్ష్యమైంది. తీర్పు మంచిదే. కానీ మిరప చేలో కోతకి వెళ్ళే స్త్రీకి, ఇంటి చాకిరీ తప్ప మరో కొలువు లేని స్త్రీకి అలాంటి సాక్ష్యం ఎవరిస్తారు? ఆమె వండింది, పెంచింది, కోసింది ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. జబ్బు పేరు మాత్రం ఎక్కుతుంది.

పేర్లే వద్దని అనలేం. మందు దొరకాలన్నా, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సర్టిఫికెట్ రావాలన్నా పేరు కావాలి. లిథియం మా పెద్దమ్మకి అందింది ఒక పేరు మారినందువల్లే. మనం అడగాల్సింది ఆ పేరు ఎవరి చేతిలో ఉంటుందన్నది. 2018 నుంచి అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇక్కడ మనకు కొన్ని పనిముట్లిచ్చింది. గతంలో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడు జబ్బుందని తేల్చకూడదని మూడో సెక్షన్ చెప్తుంది. కుటుంబం, సమాజం ఒప్పుకున్న నీతికి ఒదగకపోవడం జబ్బు కాదంటుంది. జబ్బుందని నిర్ధారించినంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదు, అది కోర్టు మాత్రమే ప్రకటించాలంటుంది. తన వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కుని 25వ సెక్షన్ ఇస్తుంది.

ఊరి పంచాయితీలో, కుటుంబ న్యాయస్థానం వరండాలో ఈ సెక్షన్లని నోటికి చెప్పగలిగే స్త్రీలు కావాలి. స్త్రీల సంఘాలు ఆస్తి పత్రాలు దాచుకోమని నేర్పినట్టే, ఆసుపత్రి చీటీలు వరసగా, తారీఖుతో దాచుకోమని కూడా నేర్పాలి. ఎవరైనా ఒక కాగితం తీసి చూపిస్తే, ఇది ఏ సంవత్సరానిది, ఎవరు చెప్పగా రాసింది, తర్వాత ఏం రాశారు అని అడగడం మొదలుపెట్టాలి. 1996లో ఆ అరుగు మీద అడగాల్సింది ఆ మూడు ప్రశ్నలే.