మోటారెక్కిన మగ్గం

ప్రతి ఆగస్టులోనూ మా ఆఫీసులో ఒక మెయిల్ వస్తుంది. "ఏడో తేదీ జాతీయ చేనేత దినోత్సవం, అందరూ చేనేత బట్టలు వేసుకుని రండి, గ్రూప్ ఫొటో ఉంటుంది" అని. పోయినేడు ఆ మెయిల్ చూసి పక్క సీటాయన "నీకేం గురూ, నగరోడివి.. ఇల్లంతా చేనేతేగా" అన్నాడు. అవునన్నట్టు తలూపాను. నిజం చెప్పాలంటే నా దగ్గర ఒక్క చేనేత చొక్కా కూడా లేదు. మా ఇంట్లో మగ్గాలున్న మాట నిజమే, కానీ అవి కరెంటు మగ్గాలు. ఆ ఫొటోలో వాటికి చోటు లేదు. ఈ విషయం అప్పటినుంచీ గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఈ టపా.

నగరి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో పుత్తూరు దాటాక వస్తుంది. ముక్కులాగా పొడుచుకొచ్చిన కొండ కనిపిస్తే మా ఊరొచ్చినట్టే. సత్రవాడ, ఏకాంబరకుప్పం, చింతలపట్టెడ వైపు నడిస్తే ఏ వీధిలోనైనా టకటకా టకటకా అదే చప్పుడు. సగం వీధి తెలుగు, సగం వీధి తమిళం. 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లా, తర్వాత చిత్తూరు. 1960లో పక్కనున్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, 2022లో పుత్తూరు తిరుపతి జిల్లాకు వెళ్లింది. మేం మాత్రం చిత్తూరులోనే ఉండిపోయాం. గీతలు ఎన్నిసార్లు మారినా నూలు మాత్రం ఆ వైపు నుంచి ఈ వైపుకు వస్తూనే ఉంది.

ఇక్కడి నేతవాళ్లలో ఎక్కువమంది సెంగుందర్లు, అంటే కైకోలర్లు. చోళుల శాసనాల్లో కైకోలర్ల పేరుతో సైనిక దళాలే ఉన్నాయి. పన్నెండో శతాబ్దంలో చోళుల ఆస్థానకవి ఒట్టకూత్తర్ ఈ కులంవాడే. చేత్తో కత్తీ పట్టారు, నాడె కూడా పట్టారన్నమాట. (స్కూల్లో చరిత్ర మాస్టారు ఈ ముక్క చెప్పుంటే ఆ సబ్జెక్టులో ఇంకో పది మార్కులొచ్చేవి నాకు!)

1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసు తీరాన్ని ఏరుకోవడానికి ఒక ముఖ్య కారణం అక్కడ బట్ట చవగ్గా దొరకడం. 1734లో కంపెనీవాళ్లు నేతగాళ్ల కోసమే ఒక పేట కట్టారు. చెన్నైలో పనిచేసేవాళ్లు రోజూ దాటిపోయే చింతాద్రిపేట అదే. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట, అని దాని పేరుకు అర్థం చెప్తారు. ఇవాళ అక్కడ మగ్గం వెతికితే దొరకదనుకోండి.

ఇప్పుడు మా తాత సంగతి. ఆయనది గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతూ, పైనున్న తాడు లాగితే నాడె అటూ ఇటూ పరిగెత్తేది. అది తరతరాల పాత సంగతి అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. కాదు. తాడుతో పరిగెత్తే నాడెను 1733లో ఇంగ్లండులో జాన్ కే కనిపెట్టాడు. 1900ల మొదట్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ లాంటి అధికారులు మద్రాసు రాష్ట్రంలో దాన్ని ఊరూరా ప్రచారం చేశారు. అంటే మనం 'సంప్రదాయం' అని ఫొటో తీసుకునే మగ్గం కూడా ఒకప్పటి కొత్త వెర్షనే.

"తాత నేసినాడు" అని అందరం అంటాం. ఒకసారి మా అవ్వ దగ్గర ఆ మాటంటే ఆమెకి కోపం వచ్చింది.

"మీ తాత కూర్చుని నేసినాడు సరేరా అబ్బోడా, ఆయన కూర్చునే లోపల ఎంత పనుందో నీకేం తెలుసు? చిలప విప్పి కండెలు చుట్టింది ఎవురు? ఆసు పోసింది ఎవురు? తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పట్టేది ఎవురు? కూలి మాత్రం మగ్గం కాడే లెక్క."

నిజమే. కూలి గుడ్డకింత అని లెక్క. కండె చుట్టిన చేతికి విడిగా లెక్క లేదు. ఆడవాళ్ల పనంతా ఆ గుడ్డ కూలిలోనే కలిసిపోయేది.

ప్రభుత్వాలు ఏం చేశాయన్నది ఇంకో తమాషా. 1952లో మద్రాసు ముఖ్యమంత్రి అయిన రాజాజీ, ధోవతులూ చీరలూ మిల్లుల దగ్గర్నుంచి తీసేసి చేనేతకే వదలాలని పట్టుబట్టాడు. అప్పుడు మేమూ ఆ రాష్ట్రంలోనే ఉన్నాం. 1954లో కానూంగో కమిటీ వచ్చి, చేతిమగ్గాల్ని మెల్లమెల్లగా కరెంటు మగ్గాలుగా మార్చెయ్యండి అని రాసింది. తర్వాత 1985లో చట్టం తెచ్చారు. ఇరవైరెండు రకాల బట్టలు చేనేతకే రిజర్వు, కరెంటు మగ్గం మీద నేస్తే జైలు, జరిమానా. పవర్‌లూమ్‌వాళ్లు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందంది. 1996లో ఆ ఇరవైరెండు పదకొండయ్యాయి. చీర, ధోవతి, లుంగీ, తువ్వాలు, దుప్పటి.. ఫలానా అంచు ఉంటేనే, ఫలానా నూలైతేనే అని బోలెడు షరతులతో. ఆ చట్టంలో చేనేత మగ్గానికి నిర్వచనం ఏంటో తెలుసా? పవర్‌లూమ్ కాని మగ్గం ఏదైనా! మన కోడ్ రివ్యూలో ఇలా రాస్తే ఊరుకుంటారా?

చట్టం ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. మోటారుతో చెయ్యి పోటీపడలేదు. మామూలు కరెంటు మగ్గం మీద నాడె నిమిషానికి నూటికి పైగా సార్లు తిరుగుతుంది, ఒక మనిషి నాలుగు మగ్గాలు చూసుకుంటాడు. కాకపోతే ఆ చట్టం రాసినవాళ్ల బుర్రలో కరెంటు మగ్గం అంటే ఎవరో షావుకారు. మా వీధిలో గుంట పూడ్చేసి అదే చోట మోటారు బిగించింది నిన్నటి చేనేతవాడే. మా నాన్న తాత మగ్గాన్ని తీసేసినప్పుడు మమ్మల్ని చేనేత లిస్టులోంచి తీసేశారు గానీ, మిల్లు ఓనర్లలో ఎవరూ కలుపుకోలేదు. నూలు ధర పెరిగినా, కరెంటు చార్జీ పెరిగినా మొదట ఆగిపోయే చప్పుడు మా వీధిదే.

అలాగని మోటారును పొగడ్డం లేదు. మా నాన్నతో ఫోన్లో మాట్లాడాలంటే నేను అరవాలి, ఆ చప్పుడుకి చెవులు అలా అయ్యాయి. రంగుల యూనిట్ల నీళ్లు కుశస్థలి ఏట్లో కలుస్తున్నాయని ఏళ్లుగా గొడవ. ఆ ఏరు కిందికి వెళ్లి పూండి చెరువులో చేరుతుంది. చెన్నైలో మనం తాగే నీళ్లలో కొంత అక్కడివే.

మోటారొచ్చాక సుఖమా కష్టమా అని అవ్వనే అడిగాను. పడుగు గంజి పట్టి తయారుగా వస్తోంది, కండెలు మిషను చుడుతోంది. తెల్లారకముందే లేచే పని తప్పింది కదా అన్నాను.

"తప్పింది. నిద్ర మాత్రం ఇప్పటికీ నాలుక్కే తెలివొస్తాదిరా" అంది.

ఈ ఆగస్టు ఏడుకి మళ్లీ మెయిల్ వచ్చింది. మా నాన్న నేసిన లుంగీ గుడ్డతో చొక్కా కుట్టించుకుని వెళ్లాను. "చేనేతేనా?" అని అడిగారు. "కాదు, మా ఇంట్లోది" అన్నాను. ఫొటోలో మూల నిలబెట్టారు.