టోగో విజయం – విశాఖ మీద బాంబులు

పద్మనాభం కొండ చూసినప్పుడల్లా నాకు 1794 జూలై 10 గుర్తొస్తుంది. పేష్కషు తగాదాలో కంపెనీ సేనల నెదిరించి చిన విజయరామరాజు ఇక్కడే నేలకొరిగాడు. అలాంటి పరాభవాలెన్నో మోసిన దేశానికి 1905లో సుషిమా వార్త అమృతంలా తోచింది. మే 27, 28 తేదీల్లో అడ్మిరల్ టోగో జారు నౌకాదళాన్ని సముద్రం పాలు చేశాడు. ఆసియావాడు యూరపువాణ్ణి ఓడించగలడన్న ధైర్యం మన యువకులకు కలిగింది. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చేయను.

అయితే చరిత్ర అక్కడితో ఆగదు. టోగో నౌకావిద్య నేర్చింది ఇంగ్లండులో. అతని ధ్వజనౌక మికాసా తయారైందీ అక్కడే. ఆ యుద్ధం కొరియా, మంచూరియాల మీద పెత్తనం కోసం. 1910లో జపాను కొరియాను మింగేసింది. మనకు ఉత్తేజమైన విజయమే కొరియా రైతుకు సంకెలైంది.

టోగో 1934లో పోయాడు. అతని కీర్తితో పెరిగిన నౌకాదళమే 1942 ఏప్రిల్ 6న ర్యూజో నౌకనుంచి విమానాలు పంపి విశాఖ, కాకినాడల మీద బాంబులు వేయించింది. ఆ బాంబులకు ఆసియా సౌభ్రాత్రం గుర్తు రాలేదు.

వీరుణ్ణి కొలవవలసింది ఒంటిరంగుతో కాదు. అతని గెలుపు ఎవరి మెడకు కాడి అయిందన్న ప్రశ్నతో. విజయరామరాజూ జమీందారే. ఆ ప్రశ్న ఆయన్నూ అడగక తప్పదు.