కజ్జికాయలో కాయ ఎక్కడిది?

సంక్రాంతి ముందు అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో చేపల వాసన మీదికి నూనె వాసన ఎక్కుతుంది. శ్రీకాకుళం, విశాఖల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ల ఇళ్లలో కజ్జికాయలు. పూర్ణం పెట్టి, అంచు మెలిక తిప్పి నొక్కుతారు. మెలిక వదులైతే మూకుట్లోనే నోరు తెరుస్తుంది.

సంస్కృత ‘ఖాద్యం’ మన నోట ‘కజ్జం’ అయింది. బడిలో ప్రకృతి వికృతులు వల్లెవేసినవాళ్లకు గుర్తుండాలి. ఆకారం చూసి ‘కాయ’ తగిలించారు. హిందీ దారిన వచ్చిన తాపేశ్వరం కాజా కూడా ఈ ఖాద్యం సంతానమే.

జపానులో దారి వేరు. అక్కడ మిఠాయి ‘కాషి’. మొదట ఆ మాటకు అర్థం పండ్లూ కాయలే! 1910లో యొకొహామాలో మొదలై, మిఠాయిలతో పాటు రెస్టారెంట్లూ నడిపిన ఫుజియా కేకు ‘యోగాషి’, అంటే పడమటి కాషి. మనం తినుబండారానికి కాయ పేరు తగిలిస్తే, వాళ్లు కాయ పేరే తినుబండారానికి ఇచ్చేశారు.