వెబ్ పట్టికలు - దరఖాస్తుల చరిత్ర

నేడు మీ మనుమడు చేతిలోని ఫోనుపై ఒక మాట వ్రాయగనే వేలకొలది వెబ్‌సైట్లు కంటబడుచున్నవి. వానిని ఏరి వరుసపెట్టునది యంత్రము. ఇరువదియైదు, ముప్పది సంవత్సరములకు పూర్వము ఈ పనిలో పెద్ద భాగమును మనుష్యులే చేసిరి. ఒక్కొక్క వెబ్‌సైటును ఒక మనిషి తెరచి, చదివి, ఇది వైద్యమునకు చెందినది, ఇది వ్యవసాయమునకు చెందినది అని నిర్ణయించి, ఒకటి రెండు వాక్యములలో దాని వివరము వ్రాసి, తగిన శీర్షిక క్రింద చేర్చెడివాడు. అట్టి పట్టికలకు వెబ్ డైరెక్టరీలని పేరు. వానిలో చోటు కోరి జనులు పెట్టుకొనిన దరఖాస్తులను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

వెబ్‌ను సృష్టించిన టిం బెర్నర్స్ లీ మహాశయుడే 1991లో, జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున, మొదటి పట్టికను ఆరంభించెను. 1994లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనువారు తమకు నచ్చిన వెబ్‌సైట్ల జాబితా నొకదానిని కూర్చిరి. యాహూ యని ప్రసిద్ధి కెక్కినది అదియే. జాబితా పెరిగిన కొలది దరఖాస్తులును పెరిగినవి. జీతముపై నున్న సంపాదకులకు వానిని చదువుటకే కాలము చాలలేదు. 1999లో వ్యాపారస్థుల దరఖాస్తులను త్వరగా పరిశీలించుటకు 199 డాలర్ల రుసుము విధించిరి. ఆ సొమ్ము పరిశీలించినందుకే గాని, తప్పక చేర్చుదుమను హామీకి కాదు. మన కచేరీలలో అర్జీకి అంటించు స్టాంపు వంటిదే యనుకొనుడు.

1998 జూన్ మాసమున రిచ్ స్క్రెంటా, బాబ్ ట్రూయెల్ అనువారు వేరొక మార్గము త్రొక్కిరి. జీతగాండ్రతో సాగని పని స్వచ్ఛందముగా పనిచేయువారితో సాగునని వారి తలంపు. ఆ ఏడే నెట్‌స్కేప్ సంస్థ దానిని కొనెను. ఓపెన్ డైరెక్టరీ ప్రాజెక్టు అనునది దాని పేరు. వాడుకలో డీమాజ్ అనిరి. 1999 అక్టోబరు నాటికి పది లక్షల వెబ్‌సైట్లు అందు చేరినవి. మరుసటి ఏడు అది యాహూ పట్టికను మించిపోయెను. సంపాదకుడు కాగోరువాడు ముందుగా ఒక చిన్న శీర్షికను కోరుకొని, రెండు మూడు వెబ్‌సైట్లకు వివరణ వ్రాసి చూపవలెను. అనుభవజ్ఞులు దానిని చూచి ఒప్పుకొనినచో ఆ శీర్షికవరకే అధికారము లభించును. ఫలము మాత్రము కానీ లేదు.

దరఖాస్తు పెట్టువాని పని సులభమని యెంచరాదు. మొదట తన చోటును తానే వెదకుకొనవలెను. గ్రామమునకు చెందిన వెబ్‌సైటైనచో ప్రాంతములు, ఆసియా, భారతదేశము, రాష్ట్రము అని మెట్టు మెట్టుగా దిగి, సరియైన శీర్షిక క్రింద అర్జీ నింపవలెను. వెబ్‌సైటు అసలు పేరే వ్రాయవలెను. వివరణ ఇరువదియైదు, ముప్పది మాటలకు మించరాదు. స్వోత్కర్ష పనికిరాదు. ఒకే అర్జీని మాటిమాటికి పంపరాదు.

ఇందు నా అనుభవ మొకటి చెప్పెదను. ఒక గ్రామ గ్రంథాలయము వెబ్‌సైటును ఇట్టి పట్టికలలో నొకదానికి పంపితిని. దాని పేరు ఇచట అనవసరము. "ఆంధ్రదేశమునకే తలమానికము" అని వ్రాసితిని. పెద్దలు కట్టిన గ్రంథాలయము గదా, అంతకు తక్కువ వ్రాయ మనసొప్పలేదు. నెలలు గడచినను ఉలుకు లేదు, పలుకు లేదు. అప్పటికి గాని నిబంధనలు చదువలేదు. చదివి, సిగ్గుపడి, పుస్తకములెట్టివో, ఏ వేళల తెరచి యుందురో మాత్రము వ్రాసి మరల పంపితిని. కొంతకాలమునకు మా పేరు పట్టికలో కనబడెను. నేను వ్రాసినదానిలో సగము కొట్టివేసి ఎవరో ఒకే వాక్యము మిగిల్చిరి. ఆ వ్యక్తి ఎవరో, ఏ దేశమువారో నేనెరుగను. కాని మా వెబ్‌సైటును తుదివరకు చదివినవారే యని ఆ వాక్యమే చెప్పుచుండెను.

అందరికి ఇట్టి అదృష్టము పట్టలేదు. పూర్వము కరణము అడంగలులో ఏ పంట వ్రాసిన ఆ పంటయే పండినట్లు లెక్క; ఇచటను సంపాదకుని చేతిలో అంత బలముండెను. 2000లో గూగుల్ సంస్థ డీమాజ్ జాబితాను తన డైరెక్టరీకి మూలముగా గైకొనుటచే, అందు చోటు దొరకుట వర్తకునకు బేరమైపోయెను. పోటీదారుని అర్జీని తొక్కిపట్టిరని, లంచము పుచ్చుకొనిరని ఆరోపణలు బయలుదేరినవి. కొన్ని అర్జీలు ఏండ్ల తరబడి మూలబడినవి. తిరస్కరించినచో ఆ సంగతియైన తెలుపుట మర్యాద యని నా అభిప్రాయము.

2006 అక్టోబరులో యంత్రములు చెడి, డిసెంబరు వరకు డీమాజ్ సంపాదకులు చేయి పెట్టుటకే వీలు లేకపోయెను. అప్పటికే వెదకు యంత్రములకు ప్రజలు అలవాటుపడిరి. గూగుల్ తన డైరెక్టరీని 2011లోను, యాహూ తనదానిని 2014 డిసెంబరులోను మూసిరి. 2017 మార్చి 17న డీమాజ్ మూతపడెను. దాని సంపాదకులలో కొందరు కర్లీ అను పేరుతో ఆ జాబితాను కొనసాగించిరి.

నేను దరఖాస్తు పెట్టిన పట్టికయు నేడు లేదు. ఆ ఒక్క వాక్యమును మాత్రము గ్రంథాలయపు రిజిస్టరు అట్ట లోపల వ్రాసి యుంచితిని.