కాగితపు లేసు కథ

పండుగకో, పెండ్లికో, పుట్టినదినమునకో ఆప్తులకు శుభాకాంక్షల కార్డు పంపుట లోకమంతట ఉన్న వాడుక. అంగడిలో కొన్న కార్డు కంటె స్వహస్తములతో చేసిన కార్డు మేలైనదని తలచువారు అన్ని దేశములలోను కలరు. అట్టివారి బల్లమీద ఏమేమి యుండునో ఒకసారి చూడుడు. అచ్చుకత్తితో తెగిన పూవులు, సీతాకోకచిలుకలు, రబ్బరు ముద్రలు, సిరాదిండు, కాగితముపై బొమ్మను ఉబ్బెత్తుగా తేల్చు అచ్చుపలకలు, ఒక జిగురుసీసా. జిగురు పూయు వ్రేలు తప్ప తక్కినవన్నియు యంత్రశాలలనుండి వచ్చినవే. అట్లయినచో ఈ కార్డును చేతిపని యనుట చెల్లునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సుమారు 180 ఏండ్ల క్రిందటనే పుట్టినది. దానికి సమాధానము వెదకవలెనన్న మొదట ఇంగ్లండునకు, అచటినుండి అమెరికాకు పోవలసియున్నది.

ఇంగ్లండులో ఫిబ్రవరి 14వ తేదీ సెయింటు వేలెంటైను దినము. వలచినవారికి ఆనాడు ప్రేమలేఖ పంపుట అచటి ఆచారము. ఆ లేఖకే వేలెంటైను అని పేరు వచ్చినది. 18వ శతాబ్దములో ఇవి కేవలము ఇంటిపనులు. చదరపు కాగితమును మడతలో మడతగా మడిచి, ఒక్కొక్క మడతపై ఒక్కొక్క పద్యపాదము వ్రాసెడివారు. పుచ్చుకొన్నవారు మడతలను వరుస తప్పక విప్పిననేగాని భావము బోధపడదు. కొందరు సూదిమొనతో కాగితమును పొడిచి చుక్కల ముగ్గువంటి అంచు కూర్చెడివారు. మరికొందరు కత్తెర చేతబట్టి పూవులను, పక్షులను కత్తిరించెడివారు. ఫ్రాన్సు మొదలైన దేశములలోని క్రైస్తవ మఠములలో సన్యాసినులు దైవచిత్రముల చుట్టు కాగితమును సన్నని కత్తితో తొలిచి, లేసువలె తీర్చుట అంతకు పూర్వమే కలదు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్త్రీలు నూలుతో అల్లు లేసును చూచినవారు, అదే పనితనమును కాగితముమీద ఊహించుకొనవచ్చును. అట్టి చిత్రమొకటి ముగియుటకు ఎంతటి ఓర్పు కావలయునో చెప్పనక్కర లేదు.

ఈ ఓర్పును యంత్రమునకు ఒప్పగించిన కథ 1796లో మొదలైనది. ఆ సంవత్సరము జాన్ గ్రెగరీ హాంకాక్ అను బర్మింగ్‌హాము పనివాడు కాగితముపై ఉబ్బెత్తు చిత్రములు తేల్చు పద్ధతికి పేటెంటు పొందెను. పతకములకు అచ్చులు చెక్కుట అతని వృత్తి. లోహమునకు తెలిసిన విద్యను అతడు కాగితమునకు నేర్పెను. మన కంసాలి పలుచని రేకును అచ్చుమీద నుంచి కొట్టి పూవును తేల్చుట అందరము చూచినదే. ఇదియు అట్టిదే. ఉక్కు దిమ్మలో చిత్రమును గుంటగా చెక్కుదురు. ఆ గుంటలో సరిగా ఇమిడెడు ఎదురచ్చు నొకటి సిద్ధపరతురు. రెంటి నడుమ కొంచెము చెమ్మగిల్లిన కాగితము నుంచి మరతో గట్టిగా నొక్కుదురు. కాగితపు పోగులు సాగి, చిత్రము పైకి లేచి, ఆరిన పిమ్మట అట్లే నిలిచిపోవును. రంగు లేదు, సిరా లేదు. వెలుగునీడలే చిత్రమును చూపును. లండనులోని డాబ్సు సంస్థ ఈ విధమైన కాగితములకు పేరుపొందినది.

ఆ సంస్థలో పనిచేసిన జోసెఫ్ ఆడెన్‌బ్రూకు 1834లో మరియొక మెట్టు ఎక్కెను. అది యాదృచ్ఛికముగా జరిగినదని చెప్పుదురు. కాగితమును అచ్చునుండి తీయకముందే, ఉబ్బిన భాగములపై చదునైన ఆకురాయితో రాచినచో, ఎత్తుగా నున్న చోటులు మాత్రమే అరిగి రంధ్రములగును. తక్కినది చెక్కుచెదరక నిలుచును. ఈ ఉపాయముతో సన్యాసిని కత్తికి రోజులు పట్టు పని నిమిషములలో ముగిసినది. కాగితపు లేసు పుట్టినది. డాబ్సు, మాన్సెల్, వుడ్ మొదలైన లండను సంస్థలు దానిని విరివిగా తయారుచేయ మొదలిడినవి.

వస్తువు సిద్ధమైనంత మాత్రమున వాడుక పెరుగదు. దానిని చేరవేయు దారి కూడ కావలెను. అంతవరకు ఇంగ్లండులో టపా ఖర్చు దూరమునుబట్టి, కాగితముల సంఖ్యనుబట్టి నిర్ణయమగుచుండెను. కవరు వాడినచో అదియు మరియొక కాగితముగా లెక్కకు వచ్చెడిది. పైగా ఆ సొమ్మును సాధారణముగా ఉత్తరము పుచ్చుకొన్నవారే చెల్లించవలసి యుండెడిది. రోలండ్ హిల్ ఉద్యమించిన సంస్కరణ ఫలితముగా 1840 జనవరి 10వ తేదీనుండి అర ఔన్సు లోపు ఉత్తరము దేశములో ఎచటికైనను ఒక్క పెన్నీకే పోసాగినది. అదే సంవత్సరము మే నెలలో అంటించు తపాలా బిళ్ళ వచ్చినది. పంపువాడే ముందుగా చెల్లించుట, కవరునకు వేరు రుసుము లేకపోవుట అను రెండు మార్పులతో సున్నితమైన లేసు కాగితము కవరులో భద్రముగా కూర్చుండి, పేదవాని సొమ్ముతో కూడ ప్రయాణము చేయగలిగినది.

ఆ టపా సంస్కరణలో హిల్‌కు తోడ్పడిన హెన్రీ కోల్, 1843లో జె. సి. హార్సిలీ అను చిత్రకారునిచే క్రిస్మసు కార్డు నొకదానిని గీయించెను. మొదటి క్రిస్మసు కార్డని ప్రసిద్ధికెక్కినది ఇదియే. నడుమ విందారగించుచున్న కుటుంబము. ఒక ప్రక్క ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుట, మరియొక ప్రక్క బట్టలేనివారికి బట్ట ఇచ్చుట. విందులో పసిబిడ్డకు కూడ మధుపాత్ర అందించినట్లు చూపుటచే మద్యనిషేధవాదులు మండిపడిరి. ఈ కార్డు సుమారు 1000 ప్రతులు రాతి అచ్చున అచ్చయినవి. వెల ఒక షిల్లింగు. మాకు ఇందులో ముఖ్యముగా తోచునది వేరొకటి. అచ్చు నల్లగీతలు మాత్రమే వేసినది. రంగులు ఒక్కొక్క ప్రతికి చేతితోనే వేయవలసి వచ్చినది. అనగా తొలి అచ్చుకార్డు సైతము సగము చేతిపనియే. కాని ఆ చేయి పంపువానిది కాదు. కూలికి రంగులు వేసినవానిది.

ఈ చిక్కు పూర్తిగా బయటపడినది సముద్రమునకు ఆవల, అమెరికాలో మాసచూసెట్సు రాష్ట్రమందలి వూస్టరు పట్టణమున. ఎస్తరు హౌలండ్ అను యువతి 1847లో మౌంటు హోలియోకు మహిళా విద్యాలయమున చదువు ముగించి ఇల్లు చేరెను. ఆమె తండ్రికి పుస్తకములు, కాగితములు అమ్ము వ్యాపారము కలదు. ఆయనతో వ్యాపారసంబంధము గలవారినుండి ఆమెకు ఒక ఇంగ్లీషు వేలెంటైను వచ్చినది. లేసు అంచు, రంగు పూవులు, లోపల చిన్న పద్యము. ఇట్టివి తానే చేయవచ్చునని ఆమెకు తోచెను. తండ్రి ద్వారా ఇంగ్లండునుండి లేసు కాగితములు, కత్తిరింపు పూవులు తెప్పించి, కొన్ని మచ్చుకార్డులు చేసెను. వస్త్రములవలె, కాగితములవలె ఇవియు అమ్ముడగునో లేదో చూతమని, ఊరూర తిరిగి అమ్మకములు చేయు అన్నగారి పెట్టెలో వానిని ఉంచెను. 200 డాలర్ల గిరాకీ వచ్చిన చాలునని ఆమె ఆశ. అన్నగారు 5000 డాలర్ల ఆర్డర్లతో తిరిగివచ్చెనని చెప్పుదురు.

ఒక మనిషి చేయగల పని కాదది. ఎస్తరు స్నేహితురాండ్రను పిలిచి, ఇంటి మేడమీది గదిలో పొడవైన బల్ల చుట్టు కూర్చుండబెట్టెను. ఒకామె బొమ్మలను కత్తిరించును. ఒకామె అడుగు కాగితము అమర్చును. ఒకామె లేసు అంటించును. ఒకామె పూవులు పొదుగును. కార్డు చేతినుండి చేతికి జరుగుచు బల్ల చివరకు చేరునప్పటికి పూర్తియగును. ఆధునిక కర్మాగారములలోని వరుసపని పద్ధతికి ఇది ముందటి రూపమని తలపక తప్పదు. ఇల్లు విడిచి రాలేని స్త్రీలకు, ఒక పెట్టెలో మచ్చుకార్డును, దానికి కావలసిన సామగ్రిని ఉంచి ఇంటికే పంపెడివారు. వారము గడచిన పిమ్మట పూర్తియైన కార్డులు తిరిగి చేరెడివి. 19వ శతాబ్దమున మిషనరీల వలన గోదావరి డెల్టాలో పాదుకొన్న లేసుపనియు ఇట్లే ఇండ్లకు చేరి, వంటపనికి పిల్లలపనికి నడుమ సాగినది. రెండు తావుల పేరు పొందినది సరుకే. అల్లిన చేతుల పేర్లు చాలవరకు మరుగుపడినవి.

హౌలండ్ కార్డులకు ప్రత్యేకత తెచ్చిన మార్పులు చిన్నవి, కాని తెలివైనవి. తెల్లని లేసు క్రింద ఎరుపు, నీలము, పసుపు రంగుల కాగితపు బిళ్ళలు ఉంచుటచే లేసు రంధ్రములు వెలుగులీనినవి. కాగితపు పట్టీని ముందుకు వెనుకకు మడిచి చిన్న స్ప్రింగువలె చేసి, పై లేసును క్రింది లేసునుండి ఎత్తి నిలుపుటచే, చదునైన కార్డునకు లోతు వచ్చినది. నేటి కార్డు చేయువారు పొరల నడుమ దళసరి జిగురుముక్కలు పెట్టి సాధించుచున్నది ఇదియే. పద్యమును పైన గాక లోపల చిన్న కాగితముపై అంటించెడివారు. 1879లో సంస్థ ఒక పద్యముల పుస్తకమును కూడ వెలువరించినది. కార్డులోని పద్యము నచ్చనివారు తమకు నచ్చినదానిని అందులోనుండి ఎంచి, పాతదానిమీద అంటించుకొనవచ్చును. కొనువాని మనసునకు ఇంతమాత్రము చోటు విడువవలెనని ఆమె గ్రహించినట్లున్నది. ఎంతమంది చేతులు పడిన కార్డైనను, ఇచ్చువాడు ఏదో ఒకటి తాను చేసిననేగాని అది అతనిది కాదు.

1880 ప్రాంతమున తండ్రి జబ్బుపడగా, ఆయనకు పరిచర్య చేయుటకై ఎస్తరు వ్యాపారమును అదే పట్టణమునందలి జార్జి విట్నీకి విక్రయించెను. వేలకొలది ప్రేమికుల మాటలను లేసులో పొదిగి పంపిన ఆమె స్వయముగా వివాహము చేసికొనలేదు. 1904లో మరణించెను. ఈ విషయమును వింతగా చెప్పుకొనుట పరిపాటి. మాకు ఇందులో వింత కనపడదు. చదివిన చదువును, చేతి నేర్పును, వ్యవహారదక్షతను ఒకచోట కూర్చి, ఆ కాలపు స్త్రీలకు ఇంటిలోనే జీతము తెచ్చు పని కల్పించినామె, తండ్రికి అవసరమైన వేళ పని కట్టిపెట్టుటయు ఆ కాలపు స్త్రీ జీవితములోని భాగమే. విట్నీ ఇంగ్లండు కాగితముపై ఆధారపడక, తన యంత్రములతో తానే లేసు, ఉబ్బెత్తు కాగితములు చేయించెను. ఆ సంస్థ రెండవ ప్రపంచయుద్ధకాలమున, కాగితపు కొరతతో, 1942లో మూతపడినది.

ఈ లోపల రంగుల అచ్చు పెరిగినది. 18వ శతాబ్దపు చివర సెనెఫెల్డర్ కనుగొన్న రాతి అచ్చు నుండి బహువర్ణపు అచ్చు పుట్టినది. జర్మనీలోని అచ్చుకూటములు పూవులు, దేవదూతలు, పసిపిల్లల బొమ్మలను రంగులలో అచ్చువేసి, ఉబ్బెత్తుగా నొక్కి, బొమ్మ అంచు ఆకారమున మలచిన ఉక్కు అచ్చుకత్తితో కత్తిరించి పంపెడివి. ఒక తావులోని బొమ్మలన్నియు సన్నని కాగితపు పట్టీలతో ఒకదానికొకటి అంటియుండెడివి. పిల్లలు, గృహిణులు వానిని త్రుంచి పుస్తకములలోను కార్డులపైనను అంటించుకొనెడివారు. అమెరికాలో బోస్టను నగరమున, జర్మనీనుండి వలసవచ్చిన లూయీ ప్రాంగ్, 1875లో క్రిస్మసు కార్డులు అమ్మకమునకు పెట్టెను. ఒక్క చిత్రమునకు 20 వరకు రాళ్ళు, అనగా 20 మారులు అచ్చు, వాడిన సందర్భములు కలవు. అంతటి శ్రమతో చేసిన కార్డులు, చౌకగా వచ్చి పడిన జర్మను సరుకు ముందు నిలువలేకపోయినవి.

కార్డు చౌకయగుకొలది ఇచ్చువాని చేయి దానినుండి తొలగిపోయినది. సంతకము తప్ప మిగులలేదు. మరల చేతిపనివైపు మనసు మళ్ళుటకు కారణమిదియే. 1844లో చార్లెసు గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందిన పిమ్మట కొన్ని దశాబ్దములలోనే రబ్బరు ముద్రలు కచేరీలలోనికి వచ్చినవి. ఆ కచేరీ పనిముట్టే 20వ శతాబ్దపు చివరి భాగమున ఇండ్లలో చిత్రకారుని కుంచె అయినది. మచిలీపట్నపు అద్దకమువారు చెక్క అచ్చుతో బట్టపై చేయునట్టిదే వీరు రబ్బరుతో కాగితముపై చేయుదురు. ముద్ర వేసిన సిరా తడియారకముందే సన్నని పొడి చల్లి, అంటనిదానిని దులిపి, వేడిగాలి చూపినచో పొడి కరగి గీతలు మెరుపుతో పైకి తేలును. హాంకాక్ ఉక్కు అచ్చుతో సాధించిన ఉబ్బును నేడు భోజనపు బల్లమీద పిల్లలు సైతము మరియొక దారిన సాధించుచున్నారు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. యంత్రపు ముక్కలతో చేసిన కార్డు చేతిపని యగునా? అగునని మా అభిప్రాయము. అసలు లేసు కార్డు నాటినుండియు ముక్కలు యంత్రమువే, కూర్పు చేతిదే. తేడా యంతయు ఆ చేయి ఎవరిదన్నచోటనే యున్నది. మన ఇండ్లలో శుభలేఖలు అచ్చుకూటమునుండి వందలకొలది వచ్చును. అన్నియు ఒక్కతీరుననే యుండును. అయినను ఇంటి పెద్ద ముత్తైదువ కూర్చుండి ఒక్కొక్కదాని మూలలకు పసుపు పూసినగాని అవి గడప దాటవు. అచ్చు వార్తను చెప్పును. పిలుపు మాత్రము ఆ పసుపువ్రేలిది. చేతిఫోనులో శుభాకాంక్షలు నిమిషములో నూరుమందికి చేరుచున్న నేటి కాలమున, ఒక్కరి కొరకు ఒక సాయంకాలము వెచ్చించి ఒక పూవును కత్తిరించి అంటించువారు ఇంకను ఉన్నారన్న, వారు పంపునది కాగితము కాదు, ఆ సాయంకాలమే. పుచ్చుకొన్నవారు దానిని పారవేయక పెట్టె అడుగున దాచుకొనుటకు కారణము కూడ అదియే.