నిడుబ్రోలులో రంగాగారి బడి

గోగినేని రంగనాయకులు అంటే మా గుంటూరు జిల్లాలోనే చాలామంది తెల్లమొహం వేస్తారు. ఆచార్య రంగా అనాలి. ఎన్ని పార్టీలు మారినా పేరు ముందు ఆ 'ఆచార్య' మాత్రం ఊడిపోలేదు. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ సంగతి నాకు కాస్త గర్వంగానే ఉంటుంది.

1900 నవంబరు 7న నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ప్రొఫెసరయ్యారు. సీమ చదువు చదివినవాడు పాఠ్యపుస్తకం వల్లెవేసినా జీతానికి లోటుండదు. ఈయన మగ్గం గుంటల దాకా వెళ్లి, చేనేత ఆర్థిక స్థితిగతుల మీద పుస్తకం రాశారు. నా మటుకు నాకు ఆయన ఉపన్యాసాలన్నిటికంటే ఆ పుస్తకమే ఎక్కువ. 1930లో గాంధీగారి ఉద్యమంలోకి వచ్చాక కాలేజీ ఉద్యోగం ముగిసింది. ఆ ఏడే ఢిల్లీలో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

పాఠం చెప్పడం మాత్రం ఆగలేదు. 1934లో సొంత ఊళ్లోనే రైతు కార్యకర్తలకు బడి పెట్టారు. అక్కడ చెప్పింది ఎరువుల సంగతి కాదు, రాజకీయాలు, అర్థశాస్త్రం. శిస్తు ఎందుకు పెరుగుతుంది, జమీందారు ఏ హక్కుతో వసూలు చేస్తాడు అన్నది పల్లెటూరి కుర్రాడు నలుగురిలో నిలబడి చెప్పగలగాలి. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడితే సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. మరుసటి ఏడు జమీందారీ రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు కాలినడకన బయల్దేరారు. దారి పొడుగునా ఊరూరా సభలు పెట్టి అర్జీలు పోగుచేశారు. నాలుగు నెలలకు పైగా సాగిందా యాత్ర.

అయితే ఆయన మనసులోని రైతు ఎవరు? కమ్యూనిస్టులతో పేచీ వచ్చింది ఇక్కడే. కూలివాణ్ణీ రైతునీ ఒకే గాటన కట్టడానికి ఆయన మనసు ఒప్పలేదు. సొంత భూమి దున్నుకునేవాడే ఆయన రైతు. 1959లో కాంగ్రెస్ నాగపూర్ మహాసభ సహకార ఉమ్మడి వ్యవసాయం అనగానే బయటికొచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, తొలి అధ్యక్షుడయ్యారు. జమీందారీలు పోవాలని రైతుల్ని కూడగట్టిన మనిషి జైపూర్ మహారాణి గాయత్రీదేవి ఉన్న పార్టీని నడిపారు! భూమి మీద సొంత హక్కు అన్న మాటను పట్టుకుని చూస్తే అందులో వైరుధ్యం లేదని వాదించొచ్చు. నేను క్లాసులో అలా వాదించినవాణ్ణే. కుర్రాళ్లు నవ్వేవారు.

1962లో తెనాలి ఓడించింది. ఆ ఏడే చిత్తూరు ఉపఎన్నికలో, 1967లో శ్రీకాకుళంలో గెలిచారు. ఆ తర్వాత మళ్లీ కాంగ్రెసే. 1980, 84, 89లో వరసగా గుంటూరు ఎంపీ. చివరిసారి గెలిచేనాటికి వయసు ఎనభై తొమ్మిది. ఏ పార్టీ విధానం రైతు మెడకు ఉరి అన్నారో ఆ పార్టీ టిక్కెట్టు మీదే. ఉమ్మడి వ్యవసాయం ఊసు అప్పటికి చచ్చిపోయింది, ఇక గొడవేముంది అంటారు ఆయన అభిమానులు. స్వతంత్ర పార్టీ వద్దన్న లైసెన్సులూ పర్మిట్లూ మాత్రం అప్పటికింకా అలాగే ఉన్నాయి కదా మరి.